చర్చి ఆవరణలో ఒకటో తరగతి

ఎర్లీన్ బల్ల మీద నాలుగు కంచాలు పెట్టింది.

"ముగ్గురమే ఉన్నాం అత్తయ్యా," అంది కార్లిస్.

"నాకూ కనబడుతోంది. ఇది దాని చోటు. అది ఉన్నా లేకపోయినా దాని కంచం అక్కడే ఉంటుంది."

కార్లిస్ కూతురు నోయెల్ నిన్న భోజనం మధ్యలో లేచిపోయింది. నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కుకుని మేనత్త వోండా ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు విసిరికొట్టినా బాగుండేది. పరాయి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళింది. ఆ చప్పుడు లేకపోవడమే కార్లిస్‌కి కంటిమీద కునుకు లేకుండా చేసింది.

ఎర్లీన్ మొక్కజొన్న జావ గరిటెతో వడ్డించింది. మీద వెన్న వెయ్యలేదు. ఆవిడకి కోపం వస్తే వంటలోంచి వెన్న మాయమవుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"టీచరు పిల్లల్ని మన బడుల్లోంచి తీసేసే ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నీ చెయ్యి వణకలేదా పిల్లా?"

"వణికింది. పెట్టక తప్పలేదు."

"ఎందుకు తప్పదు?"

"రాత్రి చెప్పాను కదా అత్తయ్యా! టీచరు శిక్షణలో ఉన్నవాళ్ళు ఇన్ని రోజులని లెక్క ప్రకారం బడిలో పాఠం చెప్పి తీరాలి. చెప్పకపోతే లైసెన్సు రాదు. వసంతకాలంలో కరోనా కొత్త కనక లైసెన్సులిచ్చే బోర్డువాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఇప్పుడు కంప్యూటరులో చెప్పిన పాఠం లెక్కలోకి రాదంటున్నారు. మన ఊరి బడులు మూసే ఉన్నాయి. నది అవతల ఫాక్స్ రిడ్జ్ బడులు తెరిచారు. తెరిచిన చోటికి పంపక ఎక్కడికి పంపను?"

"ఫాక్స్ రిడ్జ్ తెల్లపిల్లలకి గదికిద్దరు టీచర్లు. మన పిల్లలకి తోడున్న ఒక్కదాన్నీ లాక్కుపోవడం." ఎర్లీన్ గరిటె కింద పెట్టింది. "అలబామాలో నేను బడికి పోయిన రోజుల్లోనూ ఇలాగే జరిగేది. అప్పుడూ ఏదో ఒక కారణం చెప్పేవాళ్ళు. పాపం, కరోనా అనే మాట వాళ్ళకి తెలీదు, అంతే."

ఆ మాట కార్లిస్‌కి సూటిగా తగిలింది. టీచర్లకి శిక్షణ ఇచ్చే కళాశాలలో ఆవిడ ఉపాధ్యక్షురాలు. ఏ విద్యార్థి ఏ బడిలో శిక్షణ పొందాలో తేల్చేది ఆవిడే. జూన్‌లో ఊరంతా వీధుల్లోకి వచ్చి నల్లవాళ్ళ ప్రాణాలకి విలువ లేదా అని అడిగినప్పుడు, జాతి వివక్ష మీద కళాశాల తరఫున ప్రకటన రాసిందీ ఆవిడే. ఈ బల్ల మీదే రాసింది. రాస్తూ ఏడ్చింది. 'ఈ నగరపు పిల్లల చెయ్యి మేము వదలము' అన్న వాక్యం దగ్గర కలం ఆపి, ఎర్లీన్‌కి చదివి వినిపించింది కూడా.

నిన్న రాత్రి నోయెల్ ఆ వాక్యమే అందరి ముందూ చదివింది. చదివి, "ఎవరు రాశారమ్మా ఇది? చాలా బాగా రాశారు," అంది.

"నన్నేం చెయ్యమంటారు మీరంతా? నా కూతురని దానికొక న్యాయం, మిగతావాళ్ళకొక న్యాయం పెట్టమంటారా? సోమవారంనాడు అది ఫాక్స్ రిడ్జ్‌కి వెళ్ళకపోతే దాని పేరు జాబితాలోంచి పోతుంది. నాలుగేళ్ళ చదువు నీళ్ళపాలు. నేనే కొట్టెయ్యాలి దాని పేరు!"

కార్లిస్ భర్త మార్సెల్ తల దించుకుని జావ తింటున్నాడు. నగర బస్సుల గరాజులో అతను పెద్ద మెకానిక్. ఎన్ని ఇంజన్ల గొడవైనా చెవిన పెట్టి వింటాడు గానీ ఇంట్లో గొడవైతే చెవులు మూసేసుకుంటాడని ఎర్లీన్ కొడుకుని దెప్పుతూ ఉంటుంది.

"నువ్వన్నా మాట్లాడు మార్సెల్," అంది కార్లిస్. "వోండాకి ఫోన్ చేసి దాన్ని పిలువు."

"అది వోండా ఇంట్లో లేదు." మార్సెల్ చెంచా పక్కన పెట్టాడు. "ఈపాటికి మౌంట్ టేబర్‌లో ఉంటుంది."

"చర్చిలోనా? మార్చినుంచి చర్చి మూసేసే ఉందిగా?"

"లోపల కాదు. బయట, కార్లు పెట్టే చోట."

"అక్కడేం చేస్తోంది?"

"పాఠం చెప్తోంది."

కార్లిస్‌కి అర్థం కాలేదు. రోజూ పొద్దున్నే నోయెల్ కారేసుకుని వెళ్తుంటే కళాశాల గ్రంథాలయంలో ఏ మూలో కూర్చుని కంప్యూటరులో పాఠం చెప్పుకుంటోందనుకుంది.

"నీకెలా తెలుసు?"

"ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లల కోసం నగరంవాళ్ళు బస్సుల్లో ఇంటర్నెట్ పెట్టి అక్కడక్కడా నిలుపుతున్నారు కదా. చర్చి దగ్గర బండి నిలిపేది నేనే. తెల్లారగానే తోలుకెళ్ళి పెట్టి, ఇంటికొచ్చి తిని డ్యూటీకి వెళ్తాను. అప్పుడే దానికి మెట్ల మీద స్టాండు నిలబెట్టి ఇస్తాను."

"రోజూనా?"

"బడి మొదలైనప్పట్నుంచీ."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను?" మార్సెల్ గొంతు పెంచలేదు. "నేను వచ్చేసరికి నువ్వు ఆ గదిలో దూరి తలుపేసుకుంటావు. భోజనానికి వచ్చినా చెవుల్లో ఆ ఫోన్ బిళ్ళలు. ఒకరోజు చెప్పబోయాను. వేలెత్తి ఆగమన్నావు. ఇప్పటిదాకా ఆగాను."

ఎర్లీన్ కొడుకు వంక తిరిగి చూసింది. ఆ చూపులో కొంచెం మెప్పు ఉంది.

"వెళ్ళి చూసి రా కార్లిస్," అన్నాడు మార్సెల్ టోపీ పెట్టుకుంటూ. "నీ మీటింగ్ పదింటికి కదా. చూశాక కూడా నువ్వు చేసిందే సబబనిపిస్తే, దాన్ని ఒప్పించి ఫాక్స్ రిడ్జ్‌కి నేనే దింపుతాను. ఇది నా మాట."

*

మిషిగన్ సరస్సు మీది నుంచి వచ్చిన పొగమంచు ఇంకా విడలేదు. వీధిలో మేపుల్ ఆకులు తడిసి ముద్దయి కార్ల అద్దాలకి అతుక్కుపోయాయి. చర్చి మలుపు తిరిగేదాకా కార్లిస్ మనసులో కూతురికి చెప్పాల్సిన మాటలే. కోపంగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి మార్చి మార్చి చెప్పుకుంటూ వచ్చింది.

మలుపు తిరిగాక ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి.

చర్చి ఆవరణ నిండా కార్లు. ఈస్టర్ రోజున కూడా అన్ని కార్లు చూసిన గుర్తు లేదు. గుమ్మం వైపు ముఖం పెట్టి వరసలు కట్టి నిలబడ్డాయి. మధ్యలో మార్సెల్ బస్సు. మంచులో ప్రతి కారు వెనక సీటులోనూ ఒక చిన్న వెలుగు, ఆ వెలుగులో ఒక చిన్న ముఖం. కొన్ని కార్లలో రెండు, మూడు. దుప్పట్లు కప్పుకుని, ఒళ్ళో పలకలాంటి ట్యాబ్లెట్లు పెట్టుకుని కూర్చున్నారు పిల్లలు.

కార్లిస్ చివరి వరసలో కారు ఆపి అద్దం దించింది.

చర్చి మెట్ల మీద నోయెల్ నిలబడి ఉంది. పసుప్పచ్చ కోటు, ముఖానికి మాస్కు. పాటగాళ్ళు పుస్తకాలు పెట్టుకునే స్టాండు మీద లాప్‌టాప్. నోయెల్ చెయ్యి పైకెత్తింది. ఏదో అంది.

జవాబు అన్ని కార్లలోంచీ వచ్చింది.

ఒక్కసారిగా రాలేదు. ముందు వరస కార్లలోంచి, తర్వాత ఎడమ పక్కనుంచి, ఆ తర్వాత బస్సు వెనకనుంచి, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ అవే మాటలు. కొంత కిటికీల్లోంచి, కొంత ట్యాబ్లెట్లలోంచి. చెరువులో అలలు ఒడ్డుకి వచ్చి తగిలినట్టు ఆ పసిగొంతులన్నీ వచ్చి కార్లిస్ కారుకి తగిలాయి. ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్ని వందల తరగతుల వెనక బల్ల మీద కూర్చుని ఎంతమందికి మార్కులు వేసిందో! ఇలాంటి తరగతి ఎప్పుడూ చూడలేదు.

పక్క కారులో ఒకావిడ స్టీరింగ్ మీద తల ఆన్చి నిద్రపోతోంది. ఒంటిమీద నర్సింగ్ హోము యూనిఫారం. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా పిల్లాణ్ణి ఎక్కించుకుని వచ్చినట్టుంది. ఆ పక్క పాత ట్రక్కులో ఒక ముసలాయన మనవరాలి చేతిలో పెన్సిలు పట్టించి తన అరచేత్తో దాన్ని కప్పి ఉంచాడు, వేళ్ళు కొంకర్లు పోకుండా.

"ఇప్పుడెవరు చదువుతారు?" అంది నోయెల్. గొంతు బస్సు మైకులోంచి ఆవరణంతా వినబడింది. "ఎవరికైనా ఇష్టమైతేనే. భయం లేదు."

రెండు మూడు కార్లలో పిల్లలు దుప్పట్లలోకి జారిపోయారు.

"ఎమరీ చెయ్యెత్తాడు," అంది నోయెల్. ఆ ఒక్క ముక్కలోనే గొంతు మారింది. "ఎమరీ, నువ్వా నాన్నా? చదువుతావా?"

పక్క కారు వెనక సీటులో కుర్రాడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. కారు తలుపు పక్కన నిలబడ్డ చర్చి మనిషి, డీకన్ హోబర్ట్, కార్లిస్‌ని గుర్తుపట్టి దగ్గరికొచ్చి వంగాడు.

"ఏప్రిల్‌లో వీళ్ళ తాత పోయాడమ్మా, ఈ జబ్బుతోనే. అప్పట్నుంచి ఈ పిల్లాడు నోరు విప్పలేదు. ఇంట్లో కూడా. మీ అమ్మాయి రోజూ వీణ్ణి పేరు పెట్టి పలకరిస్తుంది. జవాబు రాకపోయినా పర్లేదని చెప్పి, పక్క పిల్లని అడుగుతుంది. రోజూ అంతే."

కుర్రాడు ట్యాబ్లెట్ మీదికి వంగాడు.

"ఎ... ఎర్ర," అన్నాడు.

డీకన్ హోబర్ట్ మాట ఆపేసి తల తిప్పాడు.

"ఎర్ర. పిట్ట." చాలాసేపు ఆగాడు. నోయెల్ మాట అందివ్వలేదు. మెట్ల మీద రెండు చేతులూ గుండెల దగ్గర పట్టుకుని అలాగే నిలబడింది. "కంచె. మీద. వా... వాలింది."

స్టీరింగ్ మీంచి తల్లి తల లేచింది. నిద్రలో విన్న గొంతు నిజమో కలో తెలియక వెనక్కి తిరిగి చూసింది. కుర్రాడు ఆవిడ ముఖం చూసి, వినబడలేదేమో అనుకుని, ఈసారి గట్టిగా మొత్తం చదివాడు. ఎర్ర పిట్ట కంచె మీద వాలింది.

ముందు ముసలాయన ట్రక్కు హారన్ మోగింది. దాని వెనకే ఇంకో కారు. తర్వాత ఇంకోటి. చప్పట్లు కొట్టడానికి దగ్గర దగ్గరగా చేరే వీలు లేని మనుషులు ఉన్నచోటినుంచే హారన్లు మోగించారు. ఆవరణ ఆవరణంతా మోగిపోయింది. ఎదురింటి మేడ మీద కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరు ఎక్కి నొక్కారో, బస్సు లోతు గొంతుతో అన్నిటికన్నా పెద్దగా అరిచింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి ఊపుతున్నారు. తల్లి సీటు మీంచి వెనక్కి వాలి కొడుకు పాదం పట్టుకుని ఏడుస్తోంది. చేతికి ఆ పాదమే అందింది.

కార్లిస్ తన కారు హారన్ మీద అరచెయ్యి ఆనించి ఉందని కాస్సేపటికి గానీ గమనించలేదు. మాస్కు తడిసిపోయింది.

నా కూతురా ఇది, అనుకుంది. ఈ పిల్లకి షూ లేసులు కట్టింది నేనేనా?

*

పిల్లలకి విరామం ఇచ్చాక నోయెల్ కారు దగ్గరికి వచ్చింది. అద్దానికి ఆరడుగుల దూరంలో ఆగింది.

"నన్ను తీసుకుపోవడానికి వచ్చావా?"

"మీ నాన్న చూసి రమ్మన్నాడు."

"చూశావా?"

కార్లిస్ మాస్కు సరిచేసుకుంది. తల ఊపింది.

"నిన్న నేను అన్న మాటలు కొన్ని అనకూడనివి," అంది నోయెల్ నేలకేసి చూస్తూ. "అన్నీ కాదు. కొన్ని."

"అన్నీ అనవలసినవే. ఒక్కటి తప్ప. నాకు సిగ్గు లేదన్నావు. ఉంది."

ఫోన్ మోగింది. పది గంటలయింది. నోయెల్ వెనక్కి తిరిగి మెట్లవైపు వెళ్ళిపోయింది. కార్లిస్ ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించి నిలబెట్టింది. తెర మీద గళ్ళలో ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కళాశాల అధ్యక్షురాలు గ్రెచెన్ వాండర్‌స్లూట్, ఆవిడ వెనక వంటగది. ప్రొఫెసర్ లెమ్యుయెల్ హార్పర్, ఎప్పటిలాగే టై కట్టుకుని. మిగతా కమిటీ.

"కార్లిస్, కారులో ఉన్నారేమిటి?" అంది గ్రెచెన్.

"ముందు నా మాట వినండి. నగర బడుల్లోంచి మన విద్యార్థుల్ని తీసెయ్యమని ఇచ్చిన ఉత్తర్వు మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

ముందుగా హార్పర్ మాట్లాడాడు. ఆ కమిటీలో కార్లిస్ కాక ఉన్న నల్లమనిషి ఆయనొక్కడే. ఆయన అడ్డుపడతాడని కార్లిస్ అనుకోలేదు.

"నీకు సంతకం వెనక్కి తీసుకోవడం తేలిక చెల్లెమ్మా. డిసెంబరులో పట్టా పుచ్చుకోబోయే మన పిల్లల సంగతేమిటి? నా క్లాసులో ఒకమ్మాయి ఉంది. వాళ్ళమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికి చదివించింది. ఇంట్లో మొదటి డిగ్రీ. ఆ పిల్లని పట్టుకుని, లైసెన్సు వస్తుందో రాదో తెలీదు, ఊరి కోసం నువ్వు త్యాగం చెయ్యి అని చెప్పనా? త్యాగాలు ఎప్పుడూ మన పిల్లలే చెయ్యాలా?"

నిన్నటిదాకా అది కార్లిస్ మాటే.

"చెప్పొద్దు," అంది. "అడుగుదాం. వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్తారు, ఉండాలనుకున్నవాళ్ళు ఉంటారు. మనం ఒక్కళ్ళని కూడా అడగలేదు లెమ్యుయెల్. వాళ్ళ మంచి వాళ్ళకన్నా మనకే తెలుసనుకున్నాం. ఉన్నవాళ్ళ పాఠాలు లెక్కలోకి తీసుకోమని బోర్డుతో పోట్లాడదాం. కాదంటే అప్పుడు చూద్దాం. ఇప్పటిదాకా మనం పోట్లాడనైనా లేదు."

"బోర్డు ముందు ఎవరు నిలబడతారు?" అంది గ్రెచెన్. "వాళ్ళు కళాశాల గుర్తింపు మీదికి వస్తే?"

"నేను నిలబడతాను. తప్పంటే నా పేరు రాయండి."

అప్పుడే పాఠం మళ్ళీ మొదలైనట్టుంది. దించిన అద్దంలోంచి పసిగొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. తెర మీద హార్పర్ తల ఎత్తాడు.

"ఏమిటా చప్పుడు?"

"ఒకటో తరగతి," అంది కార్లిస్. ఫోన్ అందుకుని కిటికీలోంచి బయటికి చాచి పట్టుకుంది. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే ఉంచింది. మళ్ళీ లోపలికి తీసేసరికి గ్రెచెన్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఉంది. హార్పర్ టై వదులు చేసుకుంటున్నాడు.

"ఎన్ని కార్లు అవి?" అన్నాడు.

"లెక్కపెట్టలేదు."

గ్రెచెన్ కళ్ళజోడు పెట్టుకుంది. "బోర్డు వచ్చే శుక్రవారం కూర్చుంటుంది. అప్పటిదాకా ఉత్తర్వు ఆపుతాను. ఒక్క షరతు కార్లిస్, ఇది నాది కాదు, బోర్డుది. ప్రతి తరగతిలోనూ శిక్షణలో ఉన్న విద్యార్థి పక్కన లైసెన్సున్న టీచరు ఉండి తీరాలి. ఎదురుగానో, తెర మీదో. ఒక్కరోజు లేకపోయినా మన వాదన వాళ్ళు చెత్తబుట్టలో పారేస్తారు."

"ఉన్నారు. ఈ తరగతి అసలు టీచరు రోవినా టిబ్స్ ఇంటినుంచి తెర మీద ఉంటుంది. ఈ ఊళ్ళో ఆవిడ దగ్గర చదవనివాళ్ళు లేరు."

"అయితే సరే," అంది గ్రెచెన్. కాస్త ఆగి, "రేపు పొద్దున నాకూ అక్కడ కారు పెట్టుకునే చోటుంటుందా?" అని అడిగింది.

*

ఫోన్ కట్టేసి, ఈ సంగతి నోయెల్‌కి చెప్పాలని కార్లిస్ కారు దిగింది. మెట్లెక్కేసరికి స్టాండు దగ్గర నోయెలే ఎదురొచ్చింది. చేతిలో ఫోన్. లాప్‌టాప్ మైకు కట్టేసింది.

"అమ్మా, టిబ్స్ టీచర్ పొద్దున తెర మీదికి రాలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. ఇప్పుడే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. తెల్లవారుతుండగా అంబులెన్స్‌లో తీసుకెళ్ళారట. ఆక్సిజన్ పెట్టారట."

కార్లిస్ మెట్ల కమ్మీ పట్టుకుంది.

"బతుకుతుందా?"

"ఏమీ చెప్పలేమన్నారట. పిల్లలకి ఏం చెప్పను? ఎమరీకి ఏం చెప్పను అమ్మా?" నోయెల్ కళ్ళు తుడుచుకుంది. "బడిలో ఇంకో టీచరు లేరు. ఉన్నవాళ్ళలో సగంమంది జబ్బుపడ్డారు. లైసెన్సున్నవాళ్ళు ఎవరూ లేకపోతే రేపట్నుంచి ఈ తరగతి మూసెయ్యాలన్నాడు ప్రిన్సిపాలు." ఒక్క క్షణం ఆగింది. "నీ లైసెన్సు ఇంకా ఉంది కదా?"

ఉంది. కళాశాలలో ఎవరికీ తెలియకుండా, గడువు వచ్చినప్పుడల్లా ఆ లైసెన్సు పొడిగించుకుంటూనే ఉంది కార్లిస్. ఎందుకని అడిగితే తనకీ తెలీదు. నోయెల్ ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఆఖరిసారి చిన్నపిల్లల ముందు నిలబడింది. ఆ తర్వాతంతా నిలబడేవాళ్ళకి చెప్పడమే.

"నేనా?" అంది. "తల్లే కూతురికి సాక్ష్యం అంటారు బోర్డువాళ్ళు. మొత్తం వాదనే పోతుంది నోయెల్. నీ ఒక్కదానిదే కాదు, అందరిదీ."

"నువ్వు రాకపోతే రేపు తరగతే ఉండదు."

మంచు విడిపోతోంది. కార్ల మీద ఎండ పడుతోంది.

స్టాండు మీది లాప్‌టాప్‌లోంచి ఒక బొంగురు గొంతు, ఇన్నాళ్ళూ వాడక తుప్పుపట్టిన గొంతు, మెల్లగా పలికింది.

"మిస్ నోయెల్, ఆవిడెవరు?"

ఎమరీ. తెర నిండా గళ్ళలో ఉన్న ముఖాలన్నీ అతనితోపాటు జవాబు కోసం చూస్తున్నాయి.

"ఆవిడ కూడా టీచరా? రేపు వస్తారా?"

నోయెల్ తల్లి వంక చూడలేదు. స్టాండు దగ్గరనుంచి ఒక అడుగు పక్కకి జరిగి, తల్లికి చోటిచ్చి నిలబడింది.